మోకాళ్ళ నొప్పులు – మన బాధ్యత



మన యిండ్లలో అరువది దాటిన వారెందరో మోకాలు పట్టుకొని మూలుగుచు లేచెదరు. "వయస్సు వచ్చినది, ఇంతే గదా" అని మనము ఊరకుందుము. ఈ మాట సగమే నిజము. మిగిలిన సగమును గూర్చి నేడు మాట్లాడుకొందము.

మోకాలిలో ఎముకల కొనలపై నున్నని మృదులాస్థి పొర గలదు. దీనినే వాడుకలో గుజ్జు అందురు. ఈ పొర పలుచబడి, ఎముక అంచులు పెరిగి, కీలు వాచి నొప్పి పెట్టును. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2019లో సుమారు 36 కోట్ల 50 లక్షల మందికి ఈ మోకాలి వ్యాధి యుండెను.

వయస్సు, వంశము మన చేతిలో లేవు. ముట్లుడిగిన స్త్రీలలో ఈ బాధ హెచ్చు. కాని అధిక బరువు, పాత దెబ్బలను అశ్రద్ధ చేయుట, గంటలకొలది గొంతుకు కూర్చుండి పనిచేయుట, తొడ కండరముల బలహీనత – ఇవి మనము కొంతవరకైనను సరిదిద్దుకొనదగినవి.

శరీరపు బరువు ఒక కిలో తగ్గినచో అడుగడుగునకు మోకాలిపై పడు భారము సుమారు నాలుగు కిలోలు తగ్గును. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణమున జరిగి 1992లో వెలువడిన పరిశీలనలో, పదేండ్లలో ఐదు కిలోలు తగ్గిన స్త్రీలకు ఈ వ్యాధి వచ్చు అవకాశము సగమునకు పైగా తగ్గినట్లు తేలెను.

నడచిన మోకాలు ఇంకను అరుగునని కొందరు మంచము పట్టుచున్నారు. ఇది పొరపాటు. కదలని కాలికి కండబలము తరుగును. అప్పుడు కీలుకు ఆసరా ఉండదు. ఓర్చుకొనగలిగినంత నడువవలెను. కుర్చీలో కూర్చుండి కాలు చాచి, ఐదు లెక్కించువరకు నిలిపి దించవలెను. రెండు కాళ్ళకును పదేసిసార్లు చేసిన చాలును.

మరియొక హెచ్చరిక. మందుల దుకాణములో అడిగి తెచ్చుకొను నొప్పి బిళ్ళలు నెలల తరబడి మ్రింగినచో కడుపులో పుండ్లు పడవచ్చును, మూత్రపిండములు చెడవచ్చును. బి.పి., చక్కెర వ్యాధి గలవారికి అపాయము మరింత ఎక్కువ. మోకాలు ఎఱ్ఱబడి వేడెక్కి జ్వరము వచ్చినచో ఆలస్యము చేయక వైద్యుని చూడవలెను.

ఇంటిలో పిల్లలమైన మనకును పని యున్నది. అమ్మకు పీట తీసి కుర్చీ వేయుదము. మరుగుదొడ్డిలో ఎత్తైన ఆసనము, గోడకు పట్టుకొనుటకు కమ్మి అమర్చుదము. నేలపై కూర్చుండలేక కూటములకు రావడము మానిన పెద్దలున్నారు. వారికై ముందు వరుసలో నాలుగు కుర్చీలు వేయించి, మనమే వెళ్ళి పిలుచుకొని వత్తము.