ధర్మానికి పుట్టినిల్లు ఏది?

(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఆలయంలో ఆదివారం జరిగే పిల్లల తరగతిలో మొన్న పదిహేనేళ్ల అమ్మాయి ఒకతె నన్ను ఇలా అడిగింది: "తాతగారూ, నా స్నేహితురాలి ఇంట్లో ఎవరూ దేవుణ్ణి నమ్మరు. అయినా అబద్ధమాడరు, అందరికీ సాయపడతారు. మంచితనం దేవుడే ఇస్తే, వాళ్లకెక్కడిది?" వచ్చే వారం చెబుతానని తప్పించుకున్నాను. ఆ బాకీ నేడు మీ సమక్షంలో కొంతైనా తీర్చుకోవాలని నా ప్రయత్నం.

మన పూర్వులు ఈ ప్రశ్నకు జడిసినవారు కారు. వైదిక కర్మలను ప్రాణప్రదంగా కాపాడిన మీమాంసకుడు కుమారిలభట్టే, జగత్తుకు కర్త అయిన ఈశ్వరుడున్నాడన్న వాదాన్ని అంగీకరించలేదు. ధర్మానికి వేదమే ప్రమాణం, ఆ వేదం అపౌరుషేయం అన్నాడు. మనుస్మృతి సైతం వేదంతోపాటు సజ్జనుల ఆచారాన్ని, మనస్సుకు కలిగే తృప్తిని ధర్మమూలాలలో చేర్చింది. (ఆ గ్రంథంలో మనం ఒప్పుకోరానివీ చాలా ఉన్నాయి. అది మరొక సభకు సరిపడే చర్చ.) భారతం అరణ్యపర్వంలో, చూపుతోనే కొంగను చంపగల తపస్వి కౌశికుడు ధర్మం నేర్చుకొనడానికి వెళ్లింది మిథిలలో మాంసం అమ్ముకునే ధర్మవ్యాధుని దగ్గరకు.

అయితే ధర్మం సమాజమే చేసిందందామా? అక్కడే నా గొంతు పట్టుకుంటుంది.

మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం 1947లోనే వచ్చింది. పదేళ్లు గడిచినా మా ఊరి రామాలయంలోకి ఆ చట్టం అడుగు పెట్టలేదు. మా పాలేరు నవమి పందిరికి తాటాకులు మోసేవాడు. కల్యాణం వేళకు మాత్రం వీధిలో నిలబడేవాడు. ప్రసాదం ఆయన తువాలులో పైనుంచి జారవిడిచేవారు. తండ్రి వయసున్న ఆయనను పిల్లలం "ఒరేయ్" అనేవాళ్లం. నిత్యం సహస్రనామం చదివే మా నాన్నగారికి అందులో తప్పు కనిపించలేదు. నాకూ కనిపించలేదు. ఊరంతా ఒప్పుకున్నదే నీతి అయితే అది నీతే కావాలి. దైవభక్తి ఒక్కటే చాలేటట్లయితే మా నాన్నగారికి అది తెలిసి ఉండాలి.

ఆ కృష్ణా జిల్లాలోనే ముదునూరులో 1940లో గోపరాజు రామచంద్రరావుగారు నాస్తిక కేంద్రం స్థాపించారు. గోరా అంటే మీలో చాలామందికి తెలుస్తుంది. అస్పృశ్యతపై ఆయన పోరు చూసి గాంధీజీ సేవాగ్రామానికి రప్పించుకొని మాట్లాడారు. ఒకరు ప్రార్థన లేకుండా ఉండలేనివారు, ఒకరు దేవుడే లేడన్నవారు. పని మాత్రం ఒక్కటే. "దైవమే సత్యం" అంటూ వచ్చిన గాంధీజీ అప్పటికే "సత్యమే దైవం" అనడం మేలని చెప్పి ఉన్నారు.

నేను నమ్మేవాణ్ణే. ఊరంతా ఒకటై తప్పు చేసినప్పుడు ఊరికి మించినది ఒకటి ఉండాలి కదా, దానిని నేను రాముడంటాను. గోరాగారు అలా అనరు. కానీ ఆ రాముడి మాట నాకు గర్భగుడిలో వినిపించలేదు. ఉద్యోగరీత్యా ఈ దేశం వచ్చిన కొత్తలో ఒక ఇంటి గుమ్మం దగ్గర నన్ను నిలబెట్టి మాట్లాడి పంపినప్పుడు, చేతిలో తువాలుతో వీధిలో నిలుచున్న ఆ మనిషి గుర్తుకు వచ్చాడు. క్షమాపణ చెప్పుకుందామని ఊరు వెళ్లేసరికి ఆయన లేడు.

అమ్మా, నువ్వు మూడవ వరుసలో ఉన్నావు, నాకు కనిపిస్తున్నావు. నాకు తెలిసింది ఇంతే. వచ్చే ఆదివారం నీ స్నేహితురాలిని కూడా తీసుకురా. తను దండం పెట్టనక్కరలేదు. పులిహోర మాత్రం మన పక్కనే కూర్చుని తినాలి.