కోరంగి మడ అడవి చూసొచ్చాం



పోయిన వారం పెద్దాపురం నుంచి పదిమందిమి కోరంగి వెళ్లాం. కాకినాడ దాటి యానాం రోడ్డులో బస్సు దిగాం. పట్నానికి అంత దగ్గరలో అంత అడవి! 1978లో దీన్ని అభయారణ్యం చేశారు. అక్కడ చెట్టు కొట్టకూడదు, వేటాడకూడదు.

చెక్క వంతెన మీద నడిచాం. కింద అంతా బురద. మడ చెట్ల వేర్లు మేకుల్లా పైకి పొడుచుకొచ్చాయి. బురదలో గాలి ఆడదు. అందుకే వేర్లు పైకొచ్చి గాలి పీలుస్తాయి. "మనలాగే ఊపిరాడక తలెత్తాయే!" అంది మాతో వచ్చిన పెద్దమ్మ. అందరం నవ్వాం. నీళ్లలో దిగి చేపలు పట్టే బావురు పిల్లి కూడా అక్కడ ఉంది. మాకు కనబడలేదు. అది రాత్రిపూట తిరిగే జంతువు మరి.

1996 నవంబరు తుఫాను గుర్తుందా? ఎన్ని ఊళ్లు పాడయ్యాయో! మడ చెట్లు దట్టంగా ఉంటే ఉప్పెన అలల జోరు తగ్గుతుంది. అలాంటి చెట్లనే రొయ్యల చెరువుల కోసం నరికారు. పొయ్యిలోకీ కొట్టారు. కట్టెలు కొట్టిన ఆడమనిషిని తిట్టడం తేలికే. ఆమె ఇంట్లో పొయ్యి వెలగాలి కదా?

ఒక సంగతి చెప్పడానికి సిగ్గుగా ఉంది. వేర్ల మధ్య ప్లాస్టిక్ సంచులు చిక్కుకుని ఉన్నాయి. "ఎవరు పారేశారో!" అని నేనే విసుక్కున్నాను. ఇంతలో మా పిల్లాడు మరమరాల సంచి నీళ్లలో పడేశాడు. చెయ్యి చాపితే అందలేదు.

వచ్చే నెల ఇంకో జట్టు వెళ్తుంది. పేర్లు మీరే రాసి ఇవ్వండి. అన్నం స్టీలు డబ్బాల్లో తెచ్చుకోండి.