రైలు ప్రమాదం – నష్టపరిహారానికి హద్దు

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన రెండు జిల్లాలవారికి రైలు ప్రమాదమంటే ఎక్కడో విన్న కథ కాదు. 1956 సెప్టెంబరు 2న జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య వంతెన కూలి రైలు పడిపోయింది. నూరుమందికి పైగా చనిపోయారు. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రిగారు రాజీనామా ఇస్తే నెహ్రూగారు ఒప్పుకోలేదు. నవంబరులో అరియలూరు ప్రమాదం జరిగాకే ఆమోదించారు. 2005 అక్టోబరు 29న, అప్పటి నల్లగొండ జిల్లా వలిగొండ దగ్గర వరదకు వంతెన కొట్టుకుపోయి డెల్టా ప్యాసింజరు పడింది. మళ్లీ నూరుకు పైగా ప్రాణాలు పోయాయి.

మంత్రిగారి రాజీనామా అందరికీ గుర్తే. పోయినవారి ఇంటికి ఎంత ముట్టాలన్నది మాత్రం కొద్దిమందికే తెలుసు. 1956లో అమలులో ఉన్న పాత రైల్వే చట్టం ప్రకారం మనిషికి 10,000 రూపాయలు దాటరాదు. 1990 నియమాల్లో మరణానికి 2 లక్షలు, 1997 నవంబరు నుంచి 4 లక్షలు, 2017 జనవరి 1 నుంచి 8 లక్షలు.

ఈ హద్దులో మేలూ ఉంది, కీడూ ఉంది. 1989 చట్టం 124వ సెక్షను కింద రైల్వేవారి తప్పును మనం రుజువు చేయనక్కరలేదు. కూలి అయినా ఆఫీసరు అయినా మరణానికి ఒకే మొత్తం. ఇది మేలు. అదే ఆర్టీసీ బస్సు ప్రమాదమైతే మోటారు ప్రమాదాల ట్రిబ్యునలు వయసు, సంపాదన లెక్కగట్టి ఇస్తుంది. దానికి పై హద్దు లేదు. రైలులో పోతే, ఇల్లంతా మోసే పడుచువాడికైనా పట్టికలో ఉన్నదే. పైగా మన డి.ఏ. ఒక్క విడత ఆగితే ధర్నా చేస్తామే, ఆ 4 లక్షలు 19 ఏళ్లు కదలలేదు. అడిగినవారెవరు?

ఇక నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. నా సర్వీసులో ఒక ముసలమ్మ కొడుకు రైలు నుంచి జారిపడి పోయాడు. పరిహారం కోసం ఆమెకు కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కావలసివచ్చింది. ఆ ఫైలు నా బల్ల మీద ఆరు వారాలు పడి ఉంది. ఏడాది లోపల దరఖాస్తు చేయాలన్న గడువు సంగతి నాకు తెలియదు. గడువు దాటింది. వకీలు ఆలస్యానికి కారణం చూపితే ట్రిబ్యునలు మన్నించి చేర్చుకుంది. లేకుంటే ఆ పాపం నాదే.

అందుకే మనవి. ఏడాది గడువు మరవకండి. దరఖాస్తు సికింద్రాబాదులోని రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునలులో వేయాలి. టికెట్టు, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు భద్రపరచాలి. ఎక్స్‌గ్రేషియా ముట్టిందని ఊరుకోవద్దు. అది దయతో ఇచ్చేది, ఇది హక్కు. ఎల్.ఐ.సి. సొమ్ము వచ్చినా ఈ హక్కు పోదు.

కాగితాలు రాయడం మనకు వచ్చిన విద్య. అటువంటి ఇంటికి మనమే వెళ్లి రాసిపెడదాం. ధరలతోపాటు ఈ మొత్తమూ పెరగాలని నేడు తీర్మానం చేయవలసిందిగా సభను కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.