పెరటికి మిరపయా, పైన్ వృక్షమా?



హనుమకొండ నుండి ఒక శ్రోత ఇటీవల మాకు ఒక ఉత్తరము వ్రాసిరి. ఆయన సైన్యమున పనిచేసి విశ్రాంతి పొందినవారు. ఉద్యోగరీత్యా కొన్ని సంవత్సరములు హిమాలయ ప్రాంతమున గడపిరట. ఇప్పుడు సొంత ఇల్లు కట్టుకొనిరి. ఇంటి వెనుక 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు గల పెరడు మిగిలినది. అందులో ఒక పైన్ చెట్టు నాటవలెనని ఆయన కోరిక. ఆ చెట్లలో వీచు గాలి చప్పుడు నేటికిని చెవులలో ఉన్నదని వ్రాసిరి. ఆయన ఇల్లాలు మాత్రము అక్కడ మిరప మొక్కలు పెట్టవలెనని పట్టుపట్టినారు. కంటికి ఇంపైన చెట్టు మంచిదే కాని, పూటపూటకు కావలసినది పచ్చిమిరపకాయ కదా యని ఆమె వాదము. ఏది తగునో చెప్పవలసినదని ఉత్తరము క్రింద ఇద్దరును సంతకము చేసిరి.

మోకాలెత్తు మొక్కకును, ఆకాశమంటు చెట్టునకును పోలిక యేమని కొందరు నవ్వవచ్చును. కాని ఉన్నది ఒక్కటే పెరడైనప్పుడు, అందు ఒకదానికే చోటున్నప్పుడు, ఆ రెండింటిని ప్రక్కప్రక్కన నిలిపి చూడక తప్పదు.

మొదట పైన్ సంగతి. ఆ మిత్రుడు చూచినది చిర్ పైన్ అయి ఉండవలెను. సంస్కృతమున దీనిని సరళ వృక్షమందురు. పలువురు దీనినే దేవదారువని భ్రమపడుదురు. దేవదారువు అదే కుటుంబమునకు చెందిన వేరొక వృక్షము. చిర్ పైన్ హిమాలయములలో సుమారు 500 మీటర్లు మొదలు 2000 మీటర్ల వరకు గల ఎత్తులలో పెరుగును. ఒక్కొక్క గుత్తికి మూడేసి సూదుల వంటి ఆకులుండును. ముదిరిన చెట్టు 30 మీటర్లు దాటును. దాని జిగురు నుండియే టర్పెంటైన్ తైలము తీయుదురు. చల్లని రాత్రులు, నీరు నిలువని వాలు నేలలు దానికి ప్రీతి. మరియొక రహస్యము కలదు. పైన్ వేళ్లను ఆశ్రయించి కొన్ని జాతుల శిలీంధ్రములు నేలలో జీవించును. అవి చెట్టునకు లవణములను అందించి, చెట్టు నుండి చక్కెరను పొందును. ఆ శిలీంధ్రములు లేని క్రొత్త దేశములకు పైన్ విత్తనములు కొనిపోయినచోట్ల నారు పసుపువన్నెకు తిరిగి కుంగిపోయెను. అడవి నుండి ఆ మట్టిని కూడ తెచ్చి కలిపిన పిమ్మటనే మొక్కలు కోలుకొన్నవి.

తెలుగునాట పైన్ చెట్లు లేకపోలేదు. అరకు ప్రాంతపు కొండల మీద అటవీశాఖవారు నాటిన పైన్ తోటలు కలవు. కాని అక్కడి ఎత్తు సుమారు 900 మీటర్లు. మన వరంగల్లు ఎత్తు దానిలో మూడవ వంతునకు మించదు. మే మాసమున మన ఎండ 42 డిగ్రీలు దాటుట వింత కాదు. అట్టి ఎండలో, ఇంటి గోడల వేడి నడుమ, హిమాలయ వృక్షమును నిలుపుట దానికిని కష్టము, మనకును కష్టము.

ఇచ్చట నా అనుభవ మొకటి చెప్పెదను. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక నర్సరీలో పైన్ మొక్క అని చెప్పగా కొని తెచ్చి, వాకిట ఎండ తగులుచోట నాటితిని. అంతస్తులు అంతస్తులుగా కొమ్మలు విచ్చి ముచ్చటగా ఉండెడిది. మొదటి వేసవికే చివుళ్లు గోధుమవన్నెకు తిరిగినవి. రెండవ వేసవి అది చూడలేదు. తరువాత తెలిసినది అది పైన్ కానే కాదని. క్రిస్మస్ చెట్టు అను పేరుతో అమ్ముచుండు ఆ మొక్క ఆరకేరియా. దక్షిణ పసిఫిక్ ద్వీపములలో, సముద్రపు తేమగాలిలో పుట్టిన జాతి. దానిని కుండీలో, మధ్యాహ్నపు ఎండ తగులని వరండాలో పెంచవలెను. పేరు చూచి మొక్కను కొనరాదని ఆనాడు నేర్చుకొంటిని.

ఇక మిరప. ఇది మన ఇంటి ఆడపడుచు వంటిదని అందరి భావము. కాని ఇదియును పరదేశమునుండి వచ్చినదే. దీని జన్మభూమి అమెరికా ఖండము. పోర్చుగీసువారి ఓడలలో 16వ శతాబ్దమున మన దేశమునకు చేరినది. ఓరుగల్లు కోట ఢిల్లీ సైన్యముల వశమైనది 1323లో. అనగా ప్రతాపరుద్రుని కాలమున ఈ నగరపు ఏ వంటింటను మిరపకాయ లేదు. ఆనాటి కారము మిరియము, పిప్పలి, అల్లము. క్రొత్తగా వచ్చిన కాయకు మనవారు పెట్టిన పేరులో మిరియపు ఛాయ నేటికిని వినిపించుచున్నది.

అట్టి అతిథి ఇప్పుడు ఈ నేలకు చిరునామా అయినది. జనవరి మొదలు ఏప్రిల్ వరకు ఏనుమాముల మార్కెటుకు పోయినవారికి ఆ ఎరుపును, ఆ ఘాటును వర్ణించి చెప్పవలసిన పని లేదు. కారము తక్కువ, వన్నె ఎక్కువ గల మన చపాట మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు లభించినది. టమాటా మిరప అని దానికే మారుపేరు. ఐదువందల ఏండ్లలో ఒక మొక్క పరాయిదనము పోగొట్టుకొని ఊరి పేరును ధరించినది. కనుక పైన్ విదేశీయము, మిరప స్వదేశీయము అను వాదము నిలువదు. ఈ నేలయు, ఈ ఎండయు ఒకదానిని స్వీకరించినవి, రెండవదానిని స్వీకరించలేదు. అంతే భేదము.

అయితే మిరప పెంపకము ఊరక అబ్బునది కాదు. 2021-22 పంటకాలమున నల్ల తామర పురుగు పూతలో చేరి తెలుగు రాష్ట్రముల మిరప చేలను ఎట్లు పాడుచేసినదో ఈ జిల్లా రైతులు మరువలేదు. పెరటి మొక్కకును ఆ శత్రువులే. ఆకు అంచులు పైకి ముడుచుకొనినచో తామర పురుగు. క్రిందికి ముడుచుకొనినచో నల్లి. వారమునకు రెండు మారులు ఆకులు త్రిప్పి చూడవలెను. ఆరంభములోనే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెము సబ్బునీరు కలిపి సాయంకాలము చల్లినచో చాలవరకు అదుపులో ఉండును.

నారు పోసిన 40 దినములకు మొక్కలు తీసి, రెండేసి అడుగుల ఎడముతో నాటవలెను. నాటిన రెండు రెండున్నర నెలలకు పచ్చికాయ కోతకు వచ్చును. దినమునకు కనీసము 6 గంటల ఎండ కావలెను. నీరు తగుమాత్రము పోయవలెను. మొదట నీరు నిలిచినచో వేరు కుళ్లును. నడివేసవిలో పూత రాలినచో బెంగపడవలదు. అది వేడికి మొక్క చెప్పు సమాధానము. పది మొక్కలున్నచో చిన్న కుటుంబపు పచ్చిమిరప అవసరము చాలవరకు తీరును.

మిగిలినది కాలపు లెక్క. అమెరికాలోని కాలిఫోర్నియా కొండలలో 4,800 ఏండ్లు దాటిన పైన్ వృక్షము నేటికిని సజీవముగా ఉన్నది. చేనిలో మిరప ఆయుర్దాయము ఒక పంటకాలము. మిరపను నాటువాడు తన భోజనము కొరకు నాటును. చెట్టును నాటువాడు తాను చూడని వారి కొరకు నాటును. ఇల్లాలి కోరికలో సంసారపు లెక్క యున్నది. ఆ సైనికుని కోరికలో యౌవనపు జ్ఞాపకమున్నది. రెండవదానిని అనవసరమని త్రోసివేయుట న్యాయము కాదు.

కనుక మా సలహా యిది. పెరటి తూర్పు భాగమున మిరప మొక్కలు పెట్టుడు. ఉదయము మొదలు వాటికి మంచి ఎండ తగులును. పడమటి కొనను, ఇంటి గోడకు దూరముగా, ఒక సరుగుడు మొక్కను నాటుడు. మనలో కొందరు దానిని సర్వి చెట్టందురు. అది పైన్ కాదు; పైన్ కుటుంబముతో దానికి చుట్టరికము లేదు. సూదులవలె కనబడునవి నిజమునకు సన్నని కణుపుల రెమ్మలు. కాని అది మన వేడిని ఓర్చుకొనును, గాలిలోని నత్రజనిని వేళ్ల బుడిపెలలో నిలుపుకొనును, త్వరగా ఎదుగును. ఏటేట తల కత్తిరించి అదుపులో ఉంచవలెను. లేనిచో పెద్దగాలికి కొమ్మలు విరుగును, నీడ మిరప మీదికి ప్రాకును. అదుపులో ఉన్నచో సాయంకాలపు తీవ్రమైన ఎండ నుండి మిరపను కాపాడును.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. సన్నని ఆ రెమ్మల గుండ గాలి పోవునప్పుడు కలుగు హోరు, పైన్ అడవిలోని హోరుకు మిక్కిలి దగ్గరగా నుండును. ఆ మిత్రుడు కోరినది చెట్టు పేరు కాదు, ఆ చప్పుడు. రెండు మూడు సంవత్సరములు ఓపిక పట్టినచో, ఒక సాయంకాలము ఆయన కుర్చీ వేసికొని కన్నులు మూసికొని దానిని వినవచ్చును. ఆ ప్రక్కనే ఇల్లాలు రాత్రి కూరకు నాలుగు కాయలు త్రెంపుకొనవచ్చును.