ఆర్కిటెక్టు కావాలా? ముందు కూర్చుని లెక్క చూసుకుందాం

(శ్రీనివాసపురం యువజన కూటమిలో ఇచ్చిన ప్రసంగ పాఠం)



పీయూసీ ఫలితాలు వచ్చిన వారానికి ఒక మేస్త్రీ మా దగ్గరికి వచ్చారు. ముప్పై ఏళ్లుగా ఈ తాలూకాలో గోడలు కడుతున్న మనిషి. పక్కన ఆయన కూతురు. "అన్నా, మా పాప ఆర్కిటెక్చర్ చదవతానంటా ఉంది. ఇంజనీరు కాదంట, మేస్త్రీ కాదంట. మరి వాళ్లు చేసేదేంది? మామిడితోట అర ఎకరం అమ్మితే ఆ చదువు అయిపోతుందా?" అని అడిగారు. ఆ పాప తలెత్తలేదు. చేతిలో ఒక నోటుబుక్కు, దాని నిండా ఇళ్ల బొమ్మలు.

ఆ రోజు మేము జవాబు చెప్పలేకపోయాం. వాళ్లతో పాటు మీకూ ఇవాళ ఆ జవాబు చెప్పడానికే నిలబడ్డాం.

మొదట ఆ నాన్న అడిగిన మొదటి ప్రశ్న. కప్పు నిలుస్తుందా, దూలానికి ఎంత కమ్మీ వేయాలి అని లెక్క కట్టేది ఇంజనీరు. దాన్ని చేతులతో నిలబెట్టేది మేస్త్రీ. ఆ గది అసలు ఎక్కడ ఉండాలి, కిటికీ ఏ దిక్కున, పొయ్యి దగ్గర నిలబడే అమ్మకు గాలి ఎటునుంచి వస్తుంది, ఎవరు ఏ వాకిలిగుండా లోపలికి వస్తారు అని ఆలోచించి గీసేది ఆర్కిటెక్టు. ఇది చిన్న పనిలాగా వినబడుతుంది. కాదు. ఎంత పెద్దదో తెలియాలంటే దూరం పోనక్కరలేదు, కేజీఎఫ్ చూస్తే చాలు.

1880లో జాన్ టేలర్ కంపెనీ అక్కడ గని పని మొదలుపెట్టింది. 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. దొరలకు పెద్ద వరండాల బంగళాలు, తోటలు, క్లబ్బు, గోల్ఫ్ మైదానం. ఆ ఊరిని చిన్న ఇంగ్లండు అనేవారు. మన తాతముత్తాతలు, చిత్తూరు వైపు నుంచీ ఉత్తర ఆర్కాడు వైపు నుంచీ వచ్చిన దళిత కూలీలు, ఎక్కడ పడుకున్నారు? లైన్లలో. ఎక్కువగా తడికల గుడిసెలు, ఒకదానికొకటి ఆనుకుని. మూడు కిలోమీటర్లకు పైగా లోతున బంగారం తవ్వి పైకొచ్చిన మనిషికి కాళ్లు చాపుకునే చోటు లేదు. లోపల రాయి పగిలితే పైన ఇళ్లు అదిరేవి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి, కానీ ఆ లైన్లలో ఇంకా మనవాళ్లు ఉన్నారు. బంగళాకు ఎంత జాగా, లైనుకు ఎంత జాగా అని ఎవరో ఒకరు ఒక కాగితం మీద గీశారు. తమ్ముడూ, నువ్వు నేర్చుకోబోయేది ఆ గీత గీయడమే. అందుకే ముందుగా మేము అడిగేది నీకు బొమ్మలు వస్తాయా అని కాదు. ఆ గీతకు అవతలివైపు ఎవరున్నారో చూడాలనిపిస్తుందా అని.

బైబిలులో దీనికి రెండువైపులా సాక్ష్యం ఉంది. సొలొమోను ఆలయం గురించి మనం ఎంతో గొప్పగా చెప్పుకుంటాం. ఆ పనికి వెట్టికి పట్టిన ముప్పై వేలమంది, బరువులు మోసిన డెబ్బై వేలమంది, రాళ్లు కొట్టిన ఎనభై వేలమంది సంగతి మొదటి రాజుల గ్రంథంలో రాసే ఉంది. ఆ వచనాలమీద ప్రసంగం మేము ఎప్పుడో గాని వినలేదు. యిర్మీయా మాత్రం ఊరుకోలేదు. జీతమివ్వకుండా పొరుగువానిచేత పని చేయించుకుని విశాలమైన మేడలు కట్టుకునే రాజుకు శ్రమ అన్నాడు. ఇక ద్వితీయోపదేశకాండములో ఒక చిన్న ఆజ్ఞ ఉంది. కొత్త ఇల్లు కడితే మిద్దెకు పిట్టగోడ కట్టాలి, ఎవరైనా పడి చస్తే ఆ దోషం ఇంటిమీదికి రాకూడదు. అంటే పిట్టగోడ కూడా ధర్మశాస్త్రమే!

మన మెదక్ గుడి సంగతి చూడండి. 1914లో మొదలై 1924 క్రిస్మసు రోజున ప్రతిష్ఠ జరిగింది. పాస్నెట్ దొర కరవుకాలంలో ఊరికే తిండి పంచలేదు, గుడి కట్టించి పనికి తిండి పెట్టాడు. అయిదువేలమంది పట్టే ఆ గుడి నిలబడకముందే ఎన్నో కడుపులు నింపింది. లారీ బేకర్ అనే ఇంగ్లీషు క్వేకరు ఉన్నాడు. 1945లో కుష్ఠురోగుల ఆసుపత్రుల పనిమీద మన దేశానికి వచ్చి, తరవాత కేరళలో స్థిరపడి, 2007లో అక్కడే కన్నుమూశాడు. ఇటుకలను పక్కకు నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలి గోడ కట్టించాడు. నాలుగో వంతు దాకా ఇటుక మిగులుతుంది, లోపల చల్లగా ఉంటుంది. సిమెంటు పూత కూడా అక్కరలేదు. ఆయనకు పేదవాడి జేబు గుర్తుంది, అంతే. మన కోలారు జిల్లాలో రాతిబండలు పరిచి మిద్దె వేసే పాత ఇళ్లు ఎన్ని ఉన్నాయి! మన మేస్త్రీలకు తెలిసిన ఆ పని ఏ కాలేజీలోనైనా పాఠమేనని మా అభిప్రాయం.

ఇదంతా విని ఎవరూ వెంటనే లేచి అప్లికేషన్ రాయకండి. లూకా సువార్తలో గోపురం కట్టబోయేవాడు మొదట కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడు. మనమూ కూర్చుందాం.

బీ ఆర్క్ చదువు అయిదేళ్లు. అందులో ఒక సెమిస్టరు ఆఫీసులో పని నేర్చుకోవాలి. పీయూసీలో గణితం, భౌతికశాస్త్రం లేకపోతే దారి లేదు. నాటా పరీక్ష రాయాలి. అందులో బొమ్మ ఉంటుంది, ఆలోచనకు పెట్టే ప్రశ్నలూ ఉంటాయి. కర్ణాటకలో నాటా మార్కులు, పీయూసీ మార్కులు రెండూ కలిపి ర్యాంకు ఇచ్చి కేఈఏ సీట్లు పంచుతుంది. విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ లాంటి కేంద్ర సంస్థలకైతే జేఈఈ మెయిన్‌లో ఆర్కిటెక్చర్ పేపరు. ఫీజు ఒక్కటే అనుకుంటే మోసపోతాం. కంప్యూటరు, ప్రింట్లు, అట్టలతో నమూనాలు, చూసి రమ్మని పంపే ప్రయాణాలు, ఇవన్నీ ప్రతి సెమిస్టరూ ఉంటాయి. నిద్ర లేని రాత్రులు కూడా లెక్కలో వేసుకోండి.

చదువయ్యాక కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో పేరు నమోదు చేసుకోవాలి. 1972 నాటి చట్టం ప్రకారం ఆ నమోదు ఉన్నవాళ్లే ఆర్కిటెక్టు అని బోర్డు పెట్టుకోవాలి. అయితే ఆ చట్టం కాపాడేది పేరునే గాని పనిని కాదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఇంటి ప్లాను ఎవరైనా గీయవచ్చు. మన తాలూకాలో జరుగుతున్నదీ అదే. అయిదేళ్లు చదివి శ్రీనివాసపురం బస్టాండు దగ్గర ఆఫీసు తెరిస్తే జనం వరుస కట్టరు. బెంగళూరులో చేరితే మొదటి కొన్నేళ్లు జీతం తక్కువ. సొంతంగా నిలబడటానికి ఇంకా చాలాకాలం పడుతుంది. ఇంటికి వెంటనే జీతం పంపాల్సిన బిడ్డ అయితే ఈ మాట అమ్మానాన్నలతో ముందే కూర్చుని మాట్లాడాలి. మాట్లాడకుండా చేరి, మూడో ఏడు అప్పుల మధ్య వదిలేసి వచ్చిన పిల్లల్ని మేము చూశాం. ఇంజనీరింగ్ సీటు రాలేదు గదా, ఇదైనా చేద్దామని చేరినవాళ్లూ అందులో ఉన్నారు.

మరి జనం వరుస కట్టరంటే మనకు ఆర్కిటెక్టులు అక్కరలేదనా? ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఈ హాలును చూడండి. ఇది మేమే కట్టించాం. పైన రేకులు, పడమటి గోడకు పెద్ద కిటికీ. ఏప్రిల్‌లో మధ్యాహ్న ప్రార్థనకు కూర్చున్న ముసలమ్మలు కొంగుతో విసురుకుంటూ ఉంటారు. వాకిట్లో మూడు మెట్లు. చక్రాల కుర్చీలో వచ్చే మన అన్నను ప్రతి ఆదివారం నలుగురు ఎత్తి లోపల పెడతారు. ఆయన నవ్వుతూనే ఉంటాడు గాని, తలదించుకుంటాడు. వాలుదారి కట్టడానికి డబ్బు లేక కాదు. అడగాలని మాకు తోచలేదు.

ఆ మేస్త్రీ రెండో ప్రశ్నకు వస్తున్నాం. తోట ఇప్పుడే అమ్మవద్దన్నాం. నాటా రాయనివ్వండి, కేఈఏ సీటు వస్తుందేమో చూద్దాం, స్కాలర్‌షిప్పుల కాగితాలు మేము కూర్చుని రాయిస్తాం. మేనేజ్‌మెంట్ సీటు కోసమైతే భూమి అమ్మకండి. ఒక ఏడాది ఆగి మళ్లీ రాసినా నష్టం లేదు. పదో తరగతి పిల్లలైతే సివిల్ డిప్లొమా దారి కూడా ఉంది. గణితంతో మూడేళ్ల డిప్లొమా చేసినవాళ్లూ తరవాత బీ ఆర్క్‌కు పోవచ్చు, మధ్యలో చేతికి పని వస్తుంది.

పాపకు మాత్రం ఒక పని చెప్పాం. మీ ఇంటిని టేపుతో కొలిచి, అడుగుకు పావు అంగుళం లెక్కన గీసుకుని రా, తరవాత పది రోజులు నాన్నతో పనికి పో అన్నాం. ఎండలో ఇటుక మోసి విసుగుపుడితే పుట్టనీ, అదీ జవాబే. ఆ పాప పోయింది. తిరిగి వచ్చినప్పుడు తెచ్చిన కాగితంలో గీతలు అంత తిన్నగా లేవు. ఒక మూల మాత్రం రాసింది: వంటింటి అటక అయిదడుగుల ఎత్తులో ఉంది, అమ్మ అయిదడుగుల రెండంగుళాలు. ఇరవై ఏళ్లుగా వాళ్లమ్మ తల వంచుకుని వండుతోంది. కట్టింది నాన్నే. ఆ కాగితం చూసి ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరవాత అటక పగలగొట్టారని విన్నాం.

భోజనాలయ్యాక ఎవరూ ఇంటికి పోవద్దు. నాలుగు టేపులు తెచ్చాం, గళ్ల కాగితాలు ఉన్నాయి. ఇద్దరిద్దరుగా ఈ హాలును కొలవండి. వాకిలి దగ్గర వాలుదారి ఎంత పొడుగు కావాలో గీసి చూపించండి. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడుగు లెక్క. మన మెట్లు ఎంత ఎత్తో ఇంతవరకు ఎవరూ కొలవలేదు. ఆ మేస్త్రీ అన్న కూడా వచ్చారు, వెనక కూర్చున్నారు. మీరు గీసినది కట్టడానికి కుదురుతుందో లేదో ఆయన చెబుతారు. టేపు రెండో కొస ఆ పాప పట్టుకుంటుంది.