నిలబెట్టిన విమానంలో పగులు ఎలా పుడుతుంది?

హ్యాంగర్‌లో నెలల తరబడి నిలబెట్టిన విమానం. గాల్లోకి లేవలేదు, రన్‌వే మీద దిగలేదు. అయినా దాని ల్యాండింగ్ గేర్‌లోని అల్యూమినియం భాగం పగలొచ్చు! దీని పేరు స్ట్రెస్ కొరోజన్ క్రాకింగ్. లోహాన్ని లోపల్నుంచి సాగదీసే ఒత్తిడి, కాస్త తేమ, ఆ రెంటికీ లొంగే మిశ్రమలోహం... ఈ మూడూ ఒకచోట చేరితే చాలు.

ఎగరని విమానంలో ఒత్తిడి ఎక్కడిదంటారా? తయారీలోనే వచ్చి చేరింది. వేడి భాగాన్ని నీళ్లలో ముంచితే (క్వెంచింగ్) పైపొర ముందు చల్లారుతుంది, లోపలి లోహం ఆలస్యంగా కుంచించుకుంటూ లాగుడు పట్టుకుని ఉండిపోతుంది. తర్వాత మెషీనింగ్‌లో పైపొర చెక్కేస్తాం. దాంతో ఆ లాగుడు ఉపరితలానికి వచ్చేస్తుంది. రంధ్రంలోకి బిగుతుగా దిగ్గొట్టిన బుష్ ఇంకొంత కలుపుతుంది.

ఇక ఈ భాగాలకు ఆకారమిచ్చే ఫోర్జింగ్ సంగతి. అసలు కథ ఇక్కడే ఉంది. రెండు డైల (అచ్చుల) మధ్య నొక్కినప్పుడు లోహం ఎటు పారితే దాని గ్రెయిన్లు (స్ఫటిక రేణువులు) అటే సాగి పడుకుంటాయి. వెదురు బొంగు గుర్తు తెచ్చుకోండి: నిలువునా లాగితే తెగదు, కత్తి మొన దిగితే సర్రున చీలుతుంది. 7075-టీ6 ఫోర్జింగ్ (7075 అల్యూమినియం మిశ్రమలోహానికి టీ6 అనే ఉష్ణచికిత్స చేసినది) గ్రెయిన్ల వెంబడి లాగితే సుమారు 240 మెగాపాస్కల్స్ దాకా ఓర్చుకుంటుంది. మందం దిశలో లాగితే మాత్రం 50 దగ్గరే పగులు మొదలవ్వచ్చు.

డైలు రెండూ కలిసే గీత, పార్టింగ్ లైన్ దగ్గర, ఎక్కువైన లోహం ఫ్లాష్‌గా బయటికి పొంగుతుంది. గ్రెయిన్లు కూడా అటే తిరుగుతాయి. ఫ్లాష్ కోసేశాక వాటి కొసలు గాలికి, తేమకి తెరుచుకుంటాయి. పోనీ డై లేకుండా హ్యాండ్ ఫోర్జింగ్ చేద్దామంటే, ఆ దిమ్మెను చెక్కిన ప్రతిచోటా గ్రెయిన్లు తెగుతాయి. అది ఇంకో తలనొప్పి.

మందమైన భాగాలకు 7079-టీ6 అనే మరో మిశ్రమలోహం బాగుంటుందని ఒకప్పుడు డిజైనర్లు ముచ్చటపడ్డారు, లోపలిదాకా గట్టిపడుతుందని. సర్వీసులో అవి పగిలి ఆ మోజు తీరింది. కొత్త డిజైన్లలో దాని ఊసే లేదు.

ఈ పగుళ్లకు మందు టీ73 అనే ఉష్ణచికిత్స. రెండు దశల్లో, కావాలనే అవసరానికి మించి ఏజింగ్ (వేడిలో ఉంచి గట్టిపరచడం) చేస్తారు. బలం 10–15 శాతం పోతుంది, మందం దిశలో ఓర్పు మాత్రం 300 దరిదాపులకు చేరుతుంది. నా లెక్కలో ఇది చవక బేరమే. దానికి తోడు, క్వెంచింగ్ అయ్యాక చల్లగా ఉన్నప్పుడే కొద్దిగా నొక్కి లోపలి ఒత్తిడి దించుతారు. పార్టింగ్ లైన్‌ను కూడా భారం తక్కువపడే చోటికి జరుపుతారు.

పాత విమానాల్లో టీ6 భాగాలు ఇంకా ఉన్నాయి. వాటిని పరీక్షించేటప్పుడు, పగుళ్లు వెతికే ఎడ్డీ కరెంట్ ప్రోబ్ ముందు వెళ్లాల్సింది పార్టింగ్ లైన్ మీదికి, బుష్ రంధ్రాల అంచుల్లోకి.