నీడ ఏ పక్కన ఉండాలి?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను రోడ్డు గురించి మాట్లాడమన్నారు. బ్యాంకు ఉద్యోగంలో పంతొమ్మిదేళ్లు అనంతపురం నుంచి పెనుకొండకు అప్ అండ్ డౌన్ చేసినవాణ్ణి కాబట్టి అడిగి ఉంటారు. పోనూ రానూ దాదాపు నూట నలభై కిలోమీటర్లు. మొదట బస్సు, తర్వాత మోటారు సైకిల్, చివరి ఏళ్లలో నలుగురం కలిసి ఒక కారు. కాపురం ఒకచోట, కొలువు ఒకచోట. ఇక్కడున్న టీచర్లలో ఇలా బతికినవాళ్లు చేతులెత్తండి అంటే సగం సభ చేతులెత్తుతుంది.

అప్పట్లో అది ఏడో నంబరు జాతీయ రహదారి. వారణాసి నుంచి కన్యాకుమారి దాకా. 2010లో నంబర్లు మార్చినప్పుడు మన భాగం 44లో చేరింది. జనానికి మాత్రం అది ఎప్పుడూ బెంగుళూరు రోడ్డే. ఎదురెదురుగా రెండు లారీలు వస్తే ఒకటి మట్టిలోకి దిగాల్సిన రోడ్డు. రాప్తాడు దాటి చెన్నేకొత్తపల్లి వైపు పోతుంటే రెండు పక్కలా చింతమానులు, వేపలు, కానుగలు, అక్కడక్కడా ఓ మర్రి. ప్రతి మాను మొదట్లో తెల్లసున్నం, మధ్యలో ఎర్రపట్టీ, ఒక నంబరు. సర్కారు లెక్కలో అవి ఆస్తి. ఏటా చింతకాయకు వేలంపాట కూడా ఉండేది. పాట పాడుకున్నవాడు కర్ర పట్టుకుని కాపలా తిరిగేవాడు, బస్సు ఆగిన ప్రతిచోటా మనలాంటి పిల్లలు రాయి విసిరేవాళ్లు.

ఏప్రిల్ నెలలో పదకొండు గంటల బస్సులో కిటికీ కడ్డీ మీద చెయ్యి పెట్టలేం. కునికిపాట్లు పడుతున్నా, బస్సు చెట్ల కిందికి వచ్చిందని మొహానికి తెలిసిపోయేది. చెట్లు అయిపోయాయనీ తెలిసేది. స్టాపులకు కూడా మానుల పేర్లే. కండక్టరు "చింతమాను దగ్గర దిగేవాళ్లు" అని అరిస్తే ఏ చింతమానో ఎవరూ అడగరు.

అయితే ఆ నీడలో ఎక్కువసేపు ఉన్నది మేం కాదు. మేం పది సెకన్లలో దాటిపోయేవాళ్లం. గొర్రెలు తోలేవాళ్లు మిట్టమధ్యాహ్నం మందను అక్కడే నిలిపేవాళ్లు. చెనిక్కాయల బండ్ల ఎద్దులు విప్పేది అక్కడే. చెనిక్కాయ ఎండిపోయిన ఏడు మూటా ముల్లే, చంకలో బిడ్డ, బెంగుళూరు బస్సు కోసం గంటలకొద్దీ కూర్చున్నదీ అక్కడే. మన జిల్లాకు ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. దేశం సగటులో సగం కూడా కాదు. నైరుతిని పడమటి కనుమలు అడ్డుకుంటాయి, ఈశాన్యం మన దాకా వచ్చేసరికి అలిసిపోతుంది. ఇలాంటి నేల మీద రోడ్డు పక్క నీడ అలంకారం కాదు.

తర్వాత శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా నాలుగు లైన్ల కారిడార్ అన్నారు. నంబర్లున్న మానులన్నీ వరసగా పడిపోయాయి. ఇక్కడ మీరు నేను కన్నీళ్లు పెడతానని అనుకుంటారేమో, పెట్టను. ఆ పాత రోడ్డులో రాత్రిపూట ఎదురు లైటు కళ్లల్లో పడి, మానుకు గుద్దుకున్న లారీలను నేను లెక్కలేనన్ని చూశాను. గుండెనొప్పి వచ్చినవాణ్ణి బెంగుళూరు చేర్చడానికి పట్టే టైము ఇప్పుడు సగం అయింది. రెండు వైపుల వాహనాలను విడదీసిన రోడ్డు ప్రాణాలు నిలుపుతుంది. పాత రోడ్డు తిరిగి కావాలని నేను కోరను.

నేను అడిగేది వేరే. ఇప్పుడు ఆ రోడ్డు మీద చెట్లు లేవా? ఉన్నాయి. ఎక్కడున్నాయి? మధ్యలో! గన్నేరు, కాగితం పూలు. ఎదురు బండి లైటు కళ్లల్లో పడకుండా పెట్టిన మొక్కలవి. వాటికి టాంకరుతో నీళ్లు పోస్తారు, కత్తిరిస్తారు, పూలు కూడా బాగుంటాయి. నాకు వాటి మీద కోపం లేదు. కాని పచ్చదనమంతా మనిషి నిలబడలేని చోట చేరింది. గొర్రెల కాపరి డివైడరు మీద కూర్చోలేడు కదా. పక్కన ఉన్నప్పుడు చెట్టు నడిచేవాడిది, మధ్యలోకి వచ్చాక డ్రైవరుది అయింది. కారు ఏసీలో పోయేవాడికి నీడతో పనే లేదు, అయినా రోడ్డు మీద మిగిలిన పచ్చని ఆకంతా వాడికే. 2015లో కేంద్రం హరిత రహదారుల విధానం తెచ్చింది. ప్రాజెక్టు ఖర్చులో ఒక శాతం మొక్కలకు కేటాయించాలంది. మంచిదే. అయితే ఆ మొక్కల కింద ఎవరు కూర్చోవాలన్నది కాగితంతో తేలే విషయం కాదు.

ఈ ప్రశ్న కొత్తదీ కాదు. గుత్తి నుంచి పత్తికొండ రోడ్డులో పోతే ఎర్రగుడి వస్తుంది. కర్నూలు జిల్లా. అక్కడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. మన పిల్లలను హంపీకి తీసుకుపోతాం, లేపాక్షికి తీసుకుపోతాం, ఎర్రగుడికి మాత్రం తీసుకుపోం, ఎందుకో నాకర్థం కాదు. వాటిలో రెండో శాసనంలో దారుల వెంట బావులు తవ్వించామనీ, చెట్లు నాటించామనీ రాజు చెప్పుకున్నాడు. ఎవరి కోసమట? పశువుల కోసం, మనుషుల కోసం. పశువులే ముందు. రెండు వేల రెండు వందల ఏళ్ల కిందటి మాట అది, మన పొలిమేరలోనే చెక్కి ఉంది. రథాల మీద పోయేవాళ్ల ప్రస్తావన అందులో లేదు.

ఇక రాజు కాని మనిషి సంగతి. కర్ణాటకలో మాగడి తాలూకా హులికల్‌లో సాలుమరద తిమ్మక్క. కూలిపని చేసుకుని బతికిన మనిషి. పిల్లలు లేరు. భర్తతో కలిసి హులికల్ నుంచి కూదూరు దాకా నాలుగు కిలోమీటర్ల దారి వెంట మర్రి మొక్కలు నాటి, బిందెలతో నీళ్లు మోసి పెంచింది. 385 మర్రులని లెక్క. 2019లో పద్మశ్రీ ఇచ్చారు. అదే ఏడాది ఆ మర్రులకు రోడ్డు వెడల్పు గండం వచ్చింది. ఏ రోడ్డనుకున్నారు? బాగేపల్లి–హలగూరు రోడ్డు. బాగేపల్లి అంటే మన కొడికొండ చెక్‌పోస్టు దాటగానే వచ్చేదే! ఆమె వెళ్లి అడిగితే ప్రభుత్వం వేరే దారి చూస్తామంది. హైదరాబాదు దగ్గర చేవెళ్ల రోడ్డులో ఉన్న సుమారు 900 మర్రుల కోసం కూడా జనం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. పెరిగిన చెట్టు కోసం మాట్లాడేవాళ్లు దొరుకుతారు. నాటిన మొక్కకు మూడు ఎండాకాలాలు నీళ్లు పోసేవాళ్లే దొరకరు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. హైవే మీద బస్సు దిగితే మన బడికి కిలోమీటరున్నర. ఆ దారిలో ఇవాళ ఒక్క నీడ లేదు. మూడు వందల మంది పిల్లలు దాన్ని రోజుకు రెండుసార్లు నడుస్తారు. స్వర్ణోత్సవ నిధితో ముఖద్వారం దగ్గర పెద్ద ఆర్చి కట్టాలని కమిటీలో ఒక ఆలోచన ఉంది. పెద్దలు నొచ్చుకోకూడదు, ఆర్చి కింద నీడ పది అడుగులు.

లెక్క చెప్తాను, బ్యాంకువాణ్ణి కదా. పది మీటర్లకొక మొక్క, రెండు పక్కలా కలిపి మూడు వందలు. మొక్కకు ఇరవై లీటర్లంటే ఒక విడతకు ఆరు వేల లీటర్లు, అంటే ఒక టాంకరు. జనవరి నుంచి జూన్ దాకా వారానికి రెండుసార్లు, ఏడాదికి యాభై టాంకర్లు. మూడేళ్లకు నూట యాభై. అక్కడితో వేర్లు లోపలికి దిగుతాయి, తర్వాత వాటి బతుకు అవి బతుకుతాయి. కరెంటు తీగలున్న పక్క కానుగలు పెట్టాలి, తీగల్లేని పక్క వేప, చింత. చింత కాపుకు ఎనిమిది పదేళ్లు పడుతుంది, మనలో కొందరం ఆ కాయ తినం. మొక్క చుట్టూ కంప కట్టకపోతే మొదటి వారంలోనే మేకలు స్వర్ణోత్సవం జరుపుకుంటాయి. పంచాయతీ అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. రేపు ఈ దారి కూడా వెడల్పు చేస్తామంటారు కాబట్టి, మొక్కలు రోడ్డు అంచున కాకుండా హద్దురాళ్ల దగ్గరికి జరిపి నాటాలి. ఈ మాట సర్వేయరును పిలిచి అడిగాకే చెబుతున్నాను.

నూట యాభై టాంకర్లను బ్యాచీలవారీగా పంచుకుంటే ఎవరికీ భారం కాదు. భోజనాల దగ్గర కార్యదర్శి గారు పుస్తకం పట్టుకుని నిలబడతారు. నా పేరు కింద మొదటి ఏడాది మే నెల టాంకర్లన్నీ రాసుకోమన్నాను. జూన్ ఇంకా ఖాళీగా ఉంది.